పసుపు తుపాకి

"దిగురా, కాళ్ళు బొబ్బలెక్కుతాయి," అన్నాడు ఓబదయ్య.

తమ్ముడు యిర్మీయా షెడ్డు రేకుల మీద వట్టికాళ్ళతో నిలబడి ఉన్నాడు. చేతిలో ఖర్జూరం గెలలు కోసే పళ్ళకొడవలి. పొద్దున పదకొండు. రేకు మీద చెయ్యి పెడితే తోలు ఊడొచ్చే ఎండ.

అరబ్బు దేశంలో ఉనైజా ఊరు దాటి ఇరవై కిలోమీటర్లు లోపలికి ఆ తోట. అన్నదమ్ములది కడప జిల్లా. ఓబదయ్య వచ్చి పదకొండేళ్ళు. యిర్మీయా వచ్చి నాలుగు. తొమ్మిది రోజులుగా యిర్మీయాకు నిద్ర లేదు. గెలల్లోంచి ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నారంటాడు. ఆ పొద్దున పిలుపు ఎక్కువైంది. పట్టుకోబోయిన బంగ్లాదేశీ పనివాడి చెయ్యి తెగింది. వాళ్ళకు వీసా ఇచ్చిన తోట యజమాని, కఫీలు, పోలీసులకు ఫోన్ కొట్టాడు.

జీపులో ముగ్గురు దిగారు. ఆఫీసరు నడివయసు మనిషి. వచ్చీ రాగానే పనివాళ్ళ గదుల్లోంచి పరుపులు తెప్పించి షెడ్డు చుట్టూ వేయించాడు. ఆయన నడుముకు రెండు తుపాకులు. ఒకటి నల్లది, ఒకటి పసుపుది. పసుపుది తీశాడు.

"అదొద్దు సార్," అన్నాడు ఓబదయ్య, తనకొచ్చిన అరబ్బీలో.

"ఇందులో గుండు లేదు. రెండు తీగలు పోయి గుచ్చుకుంటాయి. ఐదు సెకన్లు కరెంటు. పడతాడు, లేస్తాడు. ఆస్పత్రికి తీసుకుపోతాం. నల్లది తీస్తే లేవడు. ఏది కావాలో నువ్వే చెప్పు."

"రెండూ వద్దు. వాడు మంచోడు సార్. నిద్ర లేదంతే."

"చేతిలో కొడవలి ఉంది కదా."

 ఓబదయ్య పది నిమిషాలు టైమివ్వమని అడిగాడు. ఆఫీసరు గడియారం చూసుకుని తల ఊపాడు.

ట్రాక్టరు తోలే ఇర్ఫాన్ ముందుకొచ్చాడు. ప్రొద్దుటూరువాడు. నోరు ఊరుకోదు.

"రేయ్ యిర్మీయా! కోడికూర చేసినాం. నువ్వు దిగకుంటే నీ వాటా నాదే, సూడు."

"తిను. నీది కడుపు కాదులే, నీళ్ళ ట్యాంకరు."

కింద నలుగురూ నవ్వారు. పైన యిర్మీయా కూడా నవ్వాడు. కొడవలి కొంచెం కిందికి వాలింది.

"అన్నా, నువ్వు తిన్నావా?"

"యాడ తింటి. నువ్వొస్తే ఇద్దరం తిందాం. రా నాయనా."

"ఎగ్జిట్ వీసా కొట్టిస్తావా? ఊరికి పోతా అన్నా. ఈడ నా పేరు అందరికీ తెల్సిపోయింది."

"కొట్టిస్తా. కఫీలు కాళ్ళయినా పట్టుకుంటా."

యిర్మీయా నిచ్చెన వైపు ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. అంతలో కింద పోలీసు వైర్‌లెస్ గీపెట్టింది. యిర్మీయా ఉలిక్కిపడ్డాడు. అతని చూపు పసుపు తుపాకి మీద పడింది.

"మోసం చేసినావన్నా!"

కొడవలి మెడకు ఆనించుకున్నాడు. సన్నగా ఎర్రటి గీత లేచింది.

"ఇక ఆగలేను," అన్నాడు ఆఫీసరు. "ముసలివాళ్ళ మీద, కడుపుతో ఉన్నవాళ్ళ మీద, గుండె జబ్బున్నవాళ్ళ మీద నేను దీన్ని వాడను. అందుకే అడుగుతున్నా. నీ తమ్ముడికి ఏమైనా ఉందా?"

ఓబదయ్య నోరు తెరిచాడు. 

"వాడికి పడదు సార్."

"ఎందుకు పడదు?"

"చిన్నప్పటి నుంచీ... భయస్తుడు."

"భయం జబ్బు కాదు."

ఆఫీసరు యిర్మీయా ఇకామా కార్డు నంబరు ఆస్పత్రికి ఫోన్లో చదివాడు. ఫోను స్పీకర్లో పెట్టాడు. అటువైపు మనిషి వెతికేదాకా ఎవరూ కదల్లేదు.

"వీసా మెడికల్ రిపోర్టు ఉంది. బీపీ లేదు. షుగర్ లేదు. ఈసీజీ బాగుంది. గట్టి గుండె. ఫిట్."

ఆఫీసరు ఓబదయ్య వైపు తిరిగాడు. "విన్నావు కదా. అయినా వాడికి అన్నవి నువ్వు. ఇది తప్పని నువ్వు ఒక్క మాటంటే ఆగుతాను."

ఓబదయ్య పైకి చూశాడు. నెత్తురు చొక్కా కాలరు దాకా వచ్చింది. ఫోను వైపు చూశాడు. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"రాసింది నిజమే సార్."

టకటకమని చప్పుడు. ఐదు సెకన్లు. యిర్మీయా కట్టెలా బిగుసుకుపోయి పరుపుల మీద పడ్డాడు. కొడవలి అంత దూరాన పడింది.

"అయిపోయింది. లేపండి."

యిర్మీయా లేవలేదు.

అంబులెన్సు వచ్చేదాకా ఆఫీసరే మోకాళ్ళ మీద కూర్చుని అతని ఛాతీ నొక్కుతూ ఉన్నాడు. టోపీ మట్టిలో పడిపోయింది. ఎవరూ తియ్యలేదు.

ఆస్పత్రి వరండాలో ఇర్ఫాన్ ఒకచోట నిలబడలేకపోయాడు.

"బతికున్న మనిషికి కరెంటు పెట్టి సంపినారు. వదలొద్దన్నా. నేను వీడియో తీసినా. ఎంబసీకి పోదాం. బతా బజార్లో మనోళ్ళందరికీ సూపిద్దాం. నువ్వు ముందుండల్ల, నేను ఎనక ఉంటా. ఏందన్నా, మాట్లాడవు?"



ఆఫీసరు వచ్చి పక్కన కూర్చున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. 

"నేను అడిగాను కదా. గుండె బాగుందని కాగితం చెప్పింది. నువ్వూ చెప్పావు. పుట్టుకతోనే గుండెకు చిల్లు ఉందని లోపల డాక్టరు అంటున్నాడు. మరి ఆ కాగితం ఎట్లా తప్పయింది?"

కాగితంలో తప్పేమీ లేదు: రెండుసార్లు మెడికల్ ఫెయిలైన తమ్ముడికి బదులుగా, నాలుగేళ్ళ కిందట సెలవులో ఊరికి పోయినప్పుడు, యిర్మీయా పేరు చెప్పి చొక్కా విప్పి ఆ ఈసీజీ బల్ల మీద పడుకున్నది ఓబదయ్యే.