మర్నాటి పాఠం

కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ పాఠం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ "అండర్" అనగానే పిల్లలు పకపకా నవ్వుతూ బెంచీల కిందికి దూరి, తలమీద చేతులు పెట్టుకుని ముడుచుకుంటారు. ముందు దూరినవాళ్ళకి చప్పట్లు. వచ్చిన దగ్గర్నుంచీ ఇదే తంతు.

హెడ్మాస్టర్ని కదా, క్లాసులోకే వెళ్ళి అడిగాను.

"ఏంటమ్మా ఇది? ఆన్ ఉంది, ఇన్ ఉంది, విత్ ఉంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని వేలాడితే పరీక్షలో ఏం రాస్తారు?"

"అవి తర్వాత చెప్తాను సార్."

"సరిహద్దు ఊళ్ళో, మీ పాత బళ్ళోనూ ఇలాగే వెలగబెట్టారా?"

"లేదు సార్." ఆవిడ సుద్దముక్క బల్లమీద పెట్టింది. "అక్కడ అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చాను. ఆన్ దాకా అయింది. ఇది మర్నాటి పాఠం."

ఇంకేదో అనబోయాను. కిటికీ అద్దాలు అదిరాయి. పైన విమానాల మోత. యుద్ధం మన ఊరి దాకా రాదని పొద్దున ప్రార్థనలో చెప్పింది నేనే.

టీచరమ్మ నోరు విప్పలేదు. పిల్లలు అప్పటికే బెంచీల కింద ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముందు బెంచీ కిందనుంచి ఒక చిన్న చెయ్యి నా ప్యాంటు పట్టుకుని లాగింది.

"అండర్, సార్."