మెట్టు మహారాణి

బస్సు కదలబోతోంది.

సందు చివరి నుంచి కుర్రాడు పరుగెత్తుకొస్తున్నాడు. చొక్కా గుండీలు సగమే పెట్టుకున్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా గలగలలాడుతోంది.

ఆ రోజూ బస్సు అందింది. ఎందుకంటే ఆ రోజూ ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడే ఉంది.

ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. తల సంచీలో.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు.

“పరిగెత్తకు నాయనా. బస్సు ఎక్కడికీ పోదు” అంది తల ఎత్తకుండానే.

“మీరుండగా ఎక్కడికి పోతుంది లెండి” అన్నాడతను.

బస్సంతా నవ్వింది. సంచీలోంచి ఆవిడ కూడా నవ్వింది.

ఆవిడకి మెట్టు మహారాణి అని పేరు పెట్టింది అతనే.

అతను చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. అతని కత్తెర పడితేగానీ కుట్టుమిషన్లు కదలవు. అతను రాకపోతే వరసగా కూర్చున్న ఆడవాళ్లంతా చేతులు ముడుచుకుని తలుపు వైపు చూస్తారు. ఇంకోసారి ఆలస్యమైతే కత్తెర మరొకరి చేతికి పోతుందని సూపర్‌వైజరు తెగేసి చెప్పాడు.

బస్సుని కదలనివ్వదంటూ అతను నేరం మెట్టు మహారాణి మీద వేశాడు.

“ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట. బండి కొనుక్కో” అన్నాడు సూపర్‌వైజరు.

గుండీలు కుట్టే మిత్రుడి పాత మోటారుసైకిలు అమ్మకానికి ఉంది. హెల్మెట్ తీయనంటే సరేనని ఇంట్లో పెద్దమ్మ కూడా ఒప్పుకుంది.

ఒప్పుకోనిది అతని మనసే.

బస్సులో అయితే ముఖాలు చూడొచ్చు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. కిటికీ పక్కన నిలబడి, తల్లి వయసున్న ప్రతి ఆడమనిషినీ చూసేవాడు. తన ముక్కు, తన గడ్డం ఎవరిలోనైనా కనిపిస్తాయేమోనని.

తండ్రి పోయాక తల్లికి మరో పెళ్లి చేశారు. ఆ ఇంట్లో పిల్లవాడికి చోటు లేదన్నారు. ఆమె వాణ్ణి తన అక్క ఒళ్లో పెట్టి వెళ్లింది. మళ్లీ ఈ గడప తొక్కనని, వాడికి తల్లినని చెప్పుకోనని అక్క ఒట్టు వేయించుకుంది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా మిగల్చలేదు.

అతనికి ముఖం గుర్తులేదు. పిలుపు ఒక్కటే గుర్తుంది.

నెలలు నిండినా బయటికి రానని మొండికేసి పుట్టాడని, తల్లి ముద్దుగా ‘ఆలస్యం’ అనేది. మాటలు వచ్చీరాని వయసులో అతను దాన్ని ‘ఆలచ్చం’ చేశాడు. అప్పట్నుంచీ ఆమెకి కూడా అతను ఆలచ్చమే. ఆమె వెళ్లిపోయాక ఆ మాట ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు.

బండెక్కితే కళ్లు రోడ్డు మీదే ఉండాలి. ముఖాలు వెతకడం కుదరదు.

కత్తెర వదులుకోవాలా, వెతుకులాట వదులుకోవాలా?

మర్నాడు అతను మరీ ఆలస్యంగా లేచాడు. సందు మలుపు తిరిగేసరికి మెట్టు మహారాణి సంచీ మెట్టు మీద బోర్లా పడి ఉంది. దువ్వెన ఒక పక్క, కళ్లజోడు ఒక పక్క. ఆవిడ ఒక్కొక్కటే తీరిగ్గా ఏరుతోంది.

అతనికి ఒళ్లు మండింది.

“అమ్మా, తల్లీ, మీకో దణ్ణం. రేపట్నుంచీ నేను బండి మీద పోతా. మీరూ మీ మెట్టూ సుఖంగా ఉండండి.”

ఆవిడ చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

“జాగ్రత్తగా నడుపు నాయనా” అంది.

బండి వచ్చింది. మొదటిరోజు స్టాపు ముందు నుంచి వెళ్తూ, ఆవిడ కనబడితే కావాలనే హారన్ కొట్టాడు. ఆవిడ చెయ్యెత్తింది.

తర్వాత అంతా సవ్యంగానే సాగింది. కత్తెర టైముకి పడింది. సూపర్‌వైజరు భుజం తట్టాడు. రోడ్డు మీద మాత్రం ముఖాలు పోయి నెంబరు ప్లేట్లు మిగిలాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పక్కన ఆగిన బస్సు కిటికీల్లోకి చూసేవాడు. పచ్చ లైటు పడేది.

ఒకరోజు వానకి బండి మొరాయించింది. అతను పాత అలవాటుగా బస్సు కోసం పరుగెత్తాడు.

బస్సు వెళ్లిపోయింది. కళ్ల ముందే.

సిగ్నల్ దగ్గర దాన్ని అందుకుని తలుపు బాదాడు. డ్రైవరు తెరిచాడు.

“ఒక్క నిమిషం ఆగితే ఏం పోయింది?” అన్నాడు రొప్పుతూ.

“ఆగేవాణ్ణే. ఆపే మనిషేది?”

“ఎవరు, మెట్టు మహారాణా?”

డ్రైవరు అద్దంలోంచి అతన్ని అదోలా చూశాడు. ఆవిడ రోజూ అందరికంటే ముందే వచ్చి నిలబడేదట. కుర్రాడు తొందరగా వచ్చిన రోజు చకచకా ఎక్కేసేదట. అతను ఇంకా రాకపోతేనే సంచీ తెరిచేదట. తర్వాతి స్టాపులోనే దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచిపోయేదట.

“ఎక్కడికి వెళ్లేవారు?”

“ఎక్కడికైనా వెళ్లే మనిషికి కదయ్యా బస్సు కావాల్సింది.”

కుర్రాడి చేతిలో కడ్డీ చల్లగా తగిలింది.

“ఇప్పుడెందుకు రావట్లేదు?”

“నువ్వు బండి మీద పోవడం చూసింది. ‘ఇక నువ్వు పోనీ బాబూ, నాకు బస్సుతో పని లేదు’ అంది. మళ్లీ కనబడలేదు.”

పచ్చ లైటు పడింది. డ్రైవరు గేరు మార్చాడు.

“ఆవిడకి నువ్వో పేరు పెట్టావు, నీకు ఆవిడో పేరు పెట్టింది, చెల్లుకు చెల్లు” అని నవ్వాడు. “నోరే తిరగదు పాపం, నేను హారన్ కొట్టినప్పుడల్లా ‘కాస్త ఆగు బాబూ, మా ఆలచ్చం వస్తున్నాడు’ అనేది.”