మూడో కప్పు టీ

నెలల తరబడి చర్చలు జరిగాక, మరికొన్ని ఊళ్ళకి విదేశీ పరిశీలకులు రావడానికి యుద్ధం చేస్తున్న రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకున్నారు. దోన్‌బాస్‌లో యుద్ధరేఖ పక్కనున్న మా ఊరికీ ఒక తెల్లకారు రావడం మొదలైంది. అది రోజూ పరాస్కా గుమ్మం ముందే ఆగేది.

పక్కింటి లీడాకి అదే కడుపుమంట. షెల్లు పడి పైకప్పు ఎగిరిపోయింది తన ఇంటికి. టీలూ, చెర్రీ జామూ, కబుర్లూ మాత్రం అక్కడ!

ఇవాళా కాల్పులు ఆగిన ఆ కాసేపట్లో బంగాళదుంపలు తవ్వుకుంటూ కంచె మీంచి చూసింది. పరిశీలకులు లేవబోతుంటే పరాస్కా మళ్ళీ కప్పులు నింపింది. పోసిన టీ వదిలేసి లేవడం మర్యాద కాదు కనక మళ్ళీ కూర్చున్నారు.

లీడా ఆ కసి అంతా ఆఖరి సాలు మీద చూపించి, కారు కదలగానే కంచె దగ్గరికి ఉరికింది.

“ఏమే పరాస్కా, ఆ దొరల్ని నీ ఇంటికే రాసిచ్చారా? మా గుమ్మం వాళ్ళకి కనపడదా?”

పరాస్కా ఖాళీ సీసా చూపించింది.

“నా జామ్ అయిపోయింది, రేపటికి నీదివ్వవే. ఆ కారు ఇక్కడున్నంతసేపేగా ఫిరంగులు నోరు మూసుకునేది! ఇవాళ రెండో కప్పుకే లేచారు. నీకింకా ఒక సాలు మిగిలుందని మూడోది పోశాను.”