మోగుతున్న దొంగసొత్తు

లస్కరు బుల్లియ్య సెల్లు పోయింది. నరసాపురం దగ్గర కాలవ లాకు మీద, మార్చి నెల ఎండలో, పట్టపగలే పోయింది. లాకు పక్క షెడ్డు గోడకి ఛార్జరు మాత్రం వేలాడుతోంది.

"తూము దాకా వెళ్ళొచ్చానండి, అంతే. వచ్చి చూస్తే లేదండి," అంటూ బుల్లియ్య ఇరిగేషన్ ఏఈ ఉదయభాస్కర్ గారి ముందు తుండుగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు.

ఏఈ గారు షెడ్డంతా తనే వెతికారు. ఆ సెల్లు ఆయన సొంత ఆలోచన మరి. ఆ ఏడు, అంటే 2006లో, దాళ్వా పంటకి నీళ్ళు చాలక వంతులవారీగా ఇస్తున్నారు. ఏ చేను తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకునేది లస్కరే. అందుకని అతనికి ఆఫీసు తరఫున సెల్లు కొనిచ్చి, నంబరు లాకు గోడ మీద అడుగెత్తు అంకెల్లో రాయించారు. రైతుకి ఏ ఇబ్బందొచ్చినా ఒక్క ఫోన్ చాలన్నారు.

ఫోన్ ఎవరు చేస్తారు, డబ్బులు దండగ! అందరివీ మిస్డ్ కాల్సే. ఒకటిస్తే 'నా చేనుకి నీళ్ళొదులు' అని. రెండిస్తే 'ఇంకా వదల్లేదా' అని. మూడోది తిట్టు. కొత్తగా సెల్లు కొన్న సరదా కొద్దీ కొందరు మెసేజీలు కూడా కొట్టేవారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. బుల్లియ్యకి తెలుగే కూడబలుక్కుంటే గానీ రాదు. చదవని మెసేజీలతో సెల్లు నిండిపోయి, తెర మీద కవరు బొమ్మ పొద్దస్తమానం కొట్టుకుంటూ ఉండేది. దాన్ని చూస్తే అతనికి ముద్ద దిగేది కాదు. చివరికి దారిన పోయే ఎద్దు మెడలో గంట మోగినా జేబు తడుముకునేవాడు.

ఎవరు మోగిస్తే వాళ్ళ తూముకి పరిగెత్తడమే పనైపోయింది. సెల్లులున్నవాళ్ళంతా ఎగువ రైతులు. కాలవ చివర ఎకరం చెక్క చేసుకునే చిట్టెమ్మకి సెల్లు లేదు. ఆమె వంతు కాగితం మీదే ఉండిపోయింది. సరిగ్గా గింజ పాలుపోసుకునే వేళకి చేను నెర్రెలిచ్చింది. ఇంకో పది రోజులు తడి అందకపోతే పంటంతా తాలే. ఆ ఎకరం తప్ప ఆమెకి ఇంకో ఆధారం లేదు.

ఏఈ గారు తన ఫోన్ తీసి బుల్లియ్య నంబరు కొట్టారు. మోగుతోంది. ఎవరూ ఎత్తట్లేదు.

"ఎవరి మీదైనా అనుమానముందా?"

"ఎగువ చేను భీమరాజు గారు మొన్న నా సెల్లు కాలవలో పారేస్తానన్నారండి. ఆరు మిస్డ్ కాల్సిచ్చినా తూము తియ్యలేదని కోపమండి."

పిలిపించి అడిగితే భీమరాజు అంతెత్తున లేచాడు. "మా ఇంట్లో మూడు సెల్లులున్నాయండి! ఆ డొక్కుది నాకెందుకండి?"

ఏఈ గారు వినలేదు. సెల్లు మీద బుల్లియ్యతో గొడవపడ్డ పద్నాలుగు మంది పేర్లూ వరసగా రాసుకున్నారు. అప్పుడే చిట్టెమ్మ బుట్టలో మజ్జిగ ముంత పెట్టుకుని లాకు దగ్గరికొచ్చింది. రెండ్రోజులకోసారి అలా వచ్చి, బుల్లియ్యకి మజ్జిగ పోసి, షెడ్డు నీడలో కాసేపు కూర్చుని వెళుతోంది.

"నా పేరు కూడా రాసుకోండి బాబుగారూ," అంది.

"మీరేం చేసుకుంటారమ్మా సెల్లు? ఛార్జింగ్ పెట్టడానికి మీ ఇంట్లో కరెంటైనా లేదు," అని ఏఈ గారు నవ్వేశారు.

"మరి నాకు కొత్తదిప్పిస్తారాండీ?" అనడిగాడు బుల్లియ్య, దిగులుగా.

"రూలు ఒప్పుకోదయ్యా. మోగుతున్నంతకాలం అది పోయినట్టు కాదు, ఎవరి దగ్గరో ఉన్నట్టు. మోగడం ఆగిన మర్నాడే కొత్తది కొనిస్తాను."

ఆ రోజు నుంచి ఏఈ గారు రోజూ పొద్దున్న పదింటికి ఆ నంబరు కొట్టడం, అది మోగడం. ఇక్కడ బుల్లియ్య వంతుల కాగితం జేబులో పెట్టుకుని కాలవ గట్టు వెంట నడిచేవాడు. ఫ్యాను కింద కూర్చుని మిస్డ్ కాల్సిచ్చినవాళ్ళెవరూ ఎండలో లాకు దాకా రాలేదు. వచ్చిన ఒకరిద్దరూ కాగితం చూసి వెనక్కి తిరిగారు. ఎనిమిదో రోజుకి చిట్టెమ్మ చేనుకి నీళ్ళెక్కాయి.

పదో రోజున ఏఈ గారు జీపులో కాలవ శివారు దాకా వచ్చి, పచ్చబడ్డ చేను చూసి ఆశ్చర్యపోయారు. తిరిగి వెళుతూ లాకు దగ్గర ఆగి బుల్లియ్య భుజం తట్టారు.

"భేషయ్యా! సెల్లు లేకుండానే ఇంత చేశావు, ఉంటే ఇంకెంత చేసేవాడివో! ఇవాళ కూడా మోగిందయ్యా. దొంగవెధవ ఛార్జింగ్ కూడా పెడుతున్నాడు, ఎంత ధైర్యం!"

"ఏం చేస్తామండీ," అన్నాడు బుల్లియ్య, తల వంచుకుని.

జీపు వంతెన దాటి కనుమరుగైంది. షెడ్డు నీడలో కూర్చున్న చిట్టెమ్మ అతనికి గ్లాసు నిండా మజ్జిగ పోసి, బుట్టలో ముంత కిందున్న గుడ్డ మూట విప్పింది.

"ఒక్క గీతే మిగిలింది బుల్లియ్యా, నిండా ఛార్జింగ్ పెట్టియ్యి, రేపు పదింటికి ఇది మోగకపోతే బాబుగారు కొత్తది కొనేస్తారు, నా చేనుకి ఇంకో తడి కావాలి, దాచమని నువ్వు చేతులు పట్టుకున్న రోజే రెండు తడులిస్తానన్నావుగా!"