మేస్త్రి సాక్ష్యం

"జీపెక్కరా!" అంటూ కానిస్టేబుల్ జయరామ్ సురేంద్రన్ చొక్కా పట్టుకుని లాగాడు. రెండు గుండీలు ఊడి బురదలో పడ్డాయి.

సురేంద్రన్ భార్య గాయత్రి జీపుకు అడ్డంగా నిలబడింది. "నా మొగుడు గోడలు కట్టేటోడు సార్, కన్నాలు ఏసేటోడు కాదు. ఇదో, తాళి పట్టుకుని చెప్తా ఉండా."

తమిళనాడులోని గుడియాత్తంలో తెలుగు మేస్త్రీల వీధి మొత్తం పొద్దున్నే అక్కడ చేరింది. బీడీలు చుట్టుకుని బతికే పొన్నమ్మ ముందురోజు ఆర్కాడులో కూతురింటికి వెళ్లింది. రాత్రి ఆమె ఇంటి వెనక గోడకు ఎవరో కన్నం వేశారు. రెండు ఇత్తడి అండాలు, వెండి గిన్నె, ముచ్చటపడి కొనుక్కున్న కొత్త టేప్ రికార్డరు పోయాయి. కురిసిన వానలో ఎవరికీ చప్పుడు వినబడలేదు.

"వానలకు పనుల్లేక నెలయింది వీడికి. నిన్న సాయంత్రం ఈ గోడ వెనకే తిరగతా ఉన్నాడని ఇద్దరు చెప్పినారు" అన్నాడు జయరామ్. "గోడ యాడ తడితే లొంగతాదో కట్టేటోడికి కాక ఇంకెవడికి తెలుసు?"

ఎస్సై బాలచంద్రన్ చెయ్యెత్తి ఆపాడు. వీధికొక పెద్దమనిషిని పోలీసులకు స్నేహితుడిగా ఎంచుకోవడం, ఆయన్ని అడక్కుండా ఆ వీధిలో ఎవరినీ తీసుకెళ్లకపోవడం ఆ స్టేషన్లో ఆయన పెట్టిన కొత్త పద్ధతి. ఈ వీధికి ఆ స్నేహితుడు ముసలి మేస్త్రి చిన్నస్వామి. ఎస్సై ఆయనకు బ్యాడ్జీ ఇచ్చి ఆరు నెలలైంది. చొక్కాలు మారుతున్నాయి గానీ వాటి మీద బ్యాడ్జీ మాత్రం తప్పడం లేదు.

"మేస్త్రీ, నువ్వు చూసి చెప్పు. ఇది మీ వాళ్ల చెయ్యేనా?" ఆంధ్రా సరిహద్దు దగ్గర పొన్నైలో మూడేళ్లు పనిచేసిన ఎస్సైకి తెలుగు బాగానే వచ్చు.

చిన్నస్వామి కన్నం ముందు గొంతుక్కూర్చున్నాడు. ముక్కలు ఏరాడు, వాసన చూశాడు, పక్కన పెట్టాడు. పోలీసులు తన కోసం కాచుకుని ఉండటం ఆయనకు చేదేమీ కాదు. తొందరపడలేదు.

"కాదు సార్" అన్నాడు చివరికి.

"ఎట్లా చెప్తావు?"

"ఇది పాతకాలం సున్నం గోడ. మావోడైతే సందులో సున్నం గీకి, ఇటుకని నిండుగా లాగతాడు. పనికొచ్చిన మొదటి రోజు మేము నేర్పేది అదే. ఈడ చూడు, అంతా తుక్కు. ఎవడో గడ్డపారతో కుమ్మినాడు. నిండు ఇటుకని పగలగొట్టేదానికి మావోళ్లకి చెయ్యి రాదు సార్. అట్లాంటోడు ఈ వీధిలో పుట్టలే."

వీధంతా అవునంటే అవునంది.

"నీ మాట మీద వదుల్తా ఉన్నా" అన్నాడు ఎస్సై. " తప్పని తేలితే ఆ బ్యాడ్జీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాల."

"బ్యాడ్జీ ఏంది సార్, తాపీనే తెచ్చి పెడతా."

జీపు వెళ్లిపోయింది. గాయత్రి చిన్నస్వామి కాళ్లకు దండం పెట్టింది. సురేంద్రన్ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు.

"అయితే నా సామాను యాడికి పోయినట్టు నాయనా?" అంది పొన్నమ్మ.

"ముందు గోడ పూడుస్తా పొన్నమ్మా. ఈ రాత్రికి నిమ్మళంగా పండుకో" అన్నాడు చిన్నస్వామి.

మధ్యాహ్నం సిమెంటు కలుపుకుని పనిలో దిగాడు. కన్నం చూడగానే పన్నెండు ఇటుకలు పడతాయని ఆయనకు అంచనా. పనికొచ్చే ముక్కలేమైనా దొరుకుతాయేమోనని తుక్కునంతా ముక్కకు ముక్క కలిపి పేర్చాడు. తొమ్మిది ఇటుకలే అయ్యాయి. కాలువలో వెతికాడు, కంచె పక్కన వెతికాడు. మళ్లీ పేర్చాడు. తొమ్మిదే.

కన్నంలో చెయ్యి పెట్టి కింది వరస తడిమాడు. మూడు చోట్ల సున్నం శుభ్రంగా గీకి ఉంది. పక్క ఇటుకకు గీత కూడా పడలేదు. మొదట మూడింటిని అలవాటైన చెయ్యి నిండుగా లాగింది. ఆనవాలు పట్టేస్తారని ఆ తర్వాత గుర్తొచ్చి, గడ్డపార అందుకుంది.

చిన్నస్వామికి తల కొట్టేసినట్టయింది. వీధిలో సగంమందికి పని నేర్పింది తనే. వాళ్లలో ఎవడు? స్టేషనుకు పోయి చెప్పాలా? ఏ మొహం పెట్టుకుని? పొన్నమ్మ గుమ్మంలో కూర్చుని తన వైపే చూస్తోంది. ఆమె కళ్లలోకి చూడలేక కొత్త ఇటుకలతో గబగబా కన్నం పూడ్చేసి, తాపీ కడుక్కుని బయలుదేరాడు.

"పెదనాయనా! కాఫీ తాగకుండా పోతే నా మీద ఒట్టే" అని గాయత్రి వీధిలోకొచ్చి మరీ చెయ్యి పట్టుకుంది.

"సురేంద్రన్ ఏడమ్మా?"

"జోలార్పేటలో పని ఉండాదంట, మధ్యాన్నం బండికి పోయినాడు. మా ప్రాణం నిలబెట్టినావు పెదనాయనా. నువ్వు కాక ఎవురు చెప్పినా ఆ ఎస్సై వినేటోడు కాదు."

వంటగదిలోకి తీసుకెళ్లి పీట వేసింది. పొయ్యి మీద కాఫీ పొంగుతుంటే గిన్నె దించి, మురిసిపోతూ చూపించింది.

"కొత్త పొయ్యి పెదనాయనా. పొద్దున నేను లేచేసరికి నీ శిష్యుడు పెట్టేసి ఉండాడు. మూడు ఇటుకలూ చూడు, ఒక్క అంచు కూడా చెదరలే!"