ట్రాస్క్ కుర్చీలో కోడి

కోడి వేషం తల తగిలించుకోగానే నోరీన్‌కు నవ్వొచ్చింది. చూడడానికి రెండు చిన్న కన్నాలు. లోపల ఎవరిదో పాత చెమట వాసన. ఒంటినిండా పసుపు ఈకలు, కాళ్లకు నారింజ రంగు పంజాలు.

ఆమె ఫైర్ స్టేషన్ హాల్లోకి అడుగు పెట్టేసరికి రెండు వందల మంది లేచి నిలబడి ఈలలు వేశారు.

కాన్సస్ రాష్ట్ర శాసనసభలో ఆ ప్రాంతానికి ప్రతినిధి వెండెల్ ట్రాస్క్. పద్నాలుగు నెలలుగా జనం ముందుకు రాలేదు. పిలిచినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డొచ్చేది. ఇక లాభం లేదని ఊరివాళ్లే సభ పెట్టుకున్నారు. వేదిక మీద ఆయన పేరుతో ఒక ఖాళీ కుర్చీ వేశారు. అక్కడ పిరికివాణ్ని కోడి అంటారు. మొహం చాటేసిన ఆ పిరికి కోడికి బదులు ఒక కోడినే కూర్చోబెడదామన్న ఆలోచన మ్యాక్సిన్ డూలీది. ఆమె ఊరి ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి రిటైరైంది.

వేషం వేస్తానని ఫోన్ చేసింది నోరీనే. "మొహం చూపించను. మైకులో మాట్లాడను. పేరూ అడగొద్దు. సరేనా?" అంది. పక్క ఊళ్లో ఒకటో తరగతి టీచరునని మాత్రం చెప్పింది. టీచర్లకు ఉద్యోగ భయం ఉంటుందిలే అనుకుని మ్యాక్సిన్ ఇంకేమీ అడగలేదు. వేషాన్ని సంచిలో పెట్టి చర్చి వెనక బెంచీ మీద వదిలేసి వచ్చింది.

"ట్రాస్క్ గారూ, దయచేయండి! ఇన్నాళ్లకు మా మీద దయ కలిగింది!" మైకులో అరిచింది మ్యాక్సిన్.

కోడి ఒయ్యారంగా వేదికెక్కి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. హాలు దద్దరిల్లింది.

ముందుగా ముగ్గురు పిల్లల తల్లి కార్లా లేచింది. "అయ్యా, బడిలో పిల్లలకు పొద్దున పెట్టే టిఫిను ఎత్తేశారు. ఖజానా ఖాళీ అన్నారు. అదే వారం పెద్ద పెద్ద కంపెనీలకు పన్ను తగ్గించారు. మా పిల్లల రొట్టె ముక్క దగ్గరే మీకు పొదుపు గుర్తొచ్చిందా?"

కోడి రెక్కతో బుర్ర గోక్కుంది.

లైబ్రేరియన్ అడిగింది. "మా బీరువాల్లోంచి నలభై పుస్తకాలు తీయించేశారు. వాటిలో ఒక్కటైనా చదివారా?"

కోడి సిగ్గుపడుతూ అడ్డంగా తలూపింది. మళ్లీ నవ్వులు.

"ఈయనతో కాపురం చేస్తున్న ఇల్లాలు ఎవరో గానీ, ఆ మహాతల్లికి విగ్రహం పెట్టించాలి!" వెనక వరుసలోంచి ఎవరో అరిచారు.

కోడి ఎంతగా నవ్విందంటే తల ఊడిపోబోయింది. రెండు రెక్కలతో గట్టిగా పట్టుకుంది.

అప్పుడు లేచాడు ఎల్రాయ్. పశువులు పెంచే రైతు. డెబ్బై దాటాయి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పేదలకు సర్కారు వైద్య బీమా ఇచ్చే బిల్లు నెగ్గుంటే మన ఆసుపత్రిలో కాన్పుల వార్డు నిలబడేది. ట్రాస్క్ రెండుసార్లు వద్దని ఓటేశాడు. వార్డు మూసేశారు. మొన్న జనవరిలో మా అమ్మాయికి నొప్పులొచ్చాయి. డెబ్బై మైళ్లు పోవాలి. దారంతా మంచు. నా ట్రక్కులోనే ప్రసవమైంది. దూడల్ని బయటికి తీసిన చేతులు కాబట్టి సరిపోయింది." అతను చేతిలోని టోపీని నలిపాడు. "కడుపులో బిడ్డ ప్రాణం కాపాడాలని గంటల కొద్దీ ఉపన్యాసాలిస్తాడయ్యా ఈయన. ఆ బిడ్డ భూమ్మీద పడడానికి ఒక్క మంచం ఉంచడు! నువ్వైనా చెప్పు కోడమ్మా, ఇదేం న్యాయం?"

కోడి కుర్చీలోంచి లేచింది. వేదిక దిగి వచ్చి ముసలాయన్ను రెండు రెక్కలతో పొదువుకుంది.

"చాల్లే, చాల్లే. ఈకలు నోట్లోకి పోతున్నాయి" అన్నాడు ఎల్రాయ్, కళ్లు తుడుచుకుంటూ. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేశారు.

సభ ముగిశాక బయట కార్ల మధ్య అతణ్ని ఆపి, కోడి మొదటిసారి నోరు తెరిచింది.

"పాప పేరేం పెట్టారు?"

"మైలీ. పదిహేడో మైలురాయి దగ్గర పుట్టింది మరి!"

సోమవారం ఆ వైద్య బీమా బిల్లు మూడోసారి ఓటుకొచ్చింది. మ్యాక్సిన్, ఎల్రాయ్, కార్లా హోటల్లో టీవీ ముందు కూర్చున్నారు. ఎవరికీ పెద్ద ఆశ లేదు. ట్రాస్క్ వంతు వచ్చింది. గొంతు సవరించుకుని "సమ్మతమే" అన్నాడు. ఆయన పార్టీ నాయకుడు పిడుగు పడ్డట్టు వెనక్కి తిరిగి చూశాడు.

అరవై మూడుకు అరవై రెండు. బిల్లు నెగ్గింది.

ఎల్రాయ్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. అది ఎవరి సూపులోనో పడింది.

సాయంత్రం మ్యాక్సిన్ ఫోన్ చేసింది. "కోడమ్మా, గెలిచాం! ఆ బండరాయి ఎలా కరిగిందో దేవుడికే ఎరుక. ఎవరో చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఉంటారు! ఆ వేషం నీ దగ్గరే ఉంచు. పోరాటం ఇంకా మిగిలే ఉంది."

"ఉంచుతాను" అని నోరీన్ ఫోన్ పెట్టేసింది.

తర్వాత అప్పుడే రాజధాని నుంచి ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న భర్త వైపు తిరిగి, "ఇక ఆ లైబ్రరీ పుస్తకాల సంగతి మాట్లాడుకుందామా, ట్రాస్క్ గారూ?" అంది.