గెస్టుల గంట

"పట్టీ లేకపోతే లోపలికి పంపలేనమ్మా," అంది గవరమ్మ, గేటుకి అడ్డంగా చెయ్యి పెట్టి.

పెద్దావిడ ఏమీ నొచ్చుకోలేదు. "నాను లోపలికెళ్తానన్నానేటి? ఇక్కడ కూకుంటాను," అని గేటు పక్క సిమెంటు బెంచీ మీద సర్దుకుని కూర్చుంది.

ఆ నీళ్ల పార్కు మామూలు జనానికి తెరిచేది తొమ్మిదింటికి. అంతకు ముందు గంటసేపు పక్క హోటల్లో దిగినవాళ్లకే. మణికట్టుకి హోటలువాళ్లు కట్టిన నీలం పట్టీ ఉండాలి, రూము నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పాలి. గవరమ్మ ఉద్యోగమంతా అదే. పోయిన వారం ఎవరో పాత పట్టీ చూపించి దూరిపోయారని సూపర్వైజర్ దేవకుమార్ అందరి ముందూ కడిగేశాడు. అప్పట్నుంచీ ఆమె పట్టీని చూడటమే కాదు, వేలితో తడిమి మరీ పంపుతోంది.

"ఏ రూమమ్మా మీది?"

"రూముతో నాకేటి పని? పిల్ల కోసమొచ్చాను."

"ఎంతమంది మీరు?"

"ఇద్దరు నాకాడే ఉన్నారు. మూడోది రావాల."

గవరమ్మ చుట్టూ చూసింది. ఆవిడతో వచ్చిన పిల్లలెవరూ కనపడలేదు. గోడకి అవతల, సముద్రం వైపు మాత్రం ఎవరో చిన్నపిల్లలు కిలకిలా నవ్వుతున్నారు. పెద్దావిడ చీర అంచు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. వాన లేదు. పిల్లలతో కెరటాల్లోకి దిగి ఉంటుందిలే అనుకుంది గవరమ్మ.

రోజూ వచ్చే గెస్టులంతా కలకత్తావాళ్లు, ఢిల్లీవాళ్లు. ఇంత కమ్మగా అమ్మమ్మల నాటి తెలుగు మాట్లాడే మనిషి తగిలేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"మావోళ్లూ అటేపువాళ్లేనండి. మా తాత వైజాగ్ షిప్పెక్కి ఈ దీవులకొచ్చాడు."

"తెలుసునే," అంది పెద్దావిడ.

"మూడో పిల్ల లోపలే ఉందా? పేరు చెప్పండి, మైకులో పిలిపిస్తాను."

"పేరే తెలీదమ్మా. తల్లి నాకు సెప్పకుండా దాచీసింది."

గవరమ్మకి ఒళ్లు మండింది. "సొంత నాయనమ్మకి పేరు చెప్పకపోడమేటండీ! అంత రాతిగుండె ఆడది ఉంటదా?"

"రాతిగుండె కాదే. భయం." పెద్దావిడ నవ్వింది. "ఎన్నాళ్లు దాస్తది? ఏదో ఒకనాడు తనే సెప్తాది. పిలుపు ఇనపడగానే నాను లేస్తాను."

ఇంతలో దేవకుమార్ మైకు పట్టుకుని వచ్చాడు. ఆ వేళ హోటలు పుట్టినరోజట. పనివాళ్ల పిల్లల్ని కూడా గెస్టుల గంటలో ఆడుకోనిస్తామన్నారు. పేరు చెబితే అతను మైకులో పిలుస్తాడు, పిల్లలొచ్చి పట్టీ కట్టించుకుని లోపలికి పరిగెత్తుతారు. టికెట్ల సంతోషకుమారి కూతుళ్లు వెళ్లారు. ఊడ్చే కాళమ్మ మనవరాలు గెంతుకుంటూ వెళ్లింది. గవరమ్మ కూతురు తల్లి స్టూలు పక్కన నిలబడి, జారుడుబల్లల వైపు నోరు తెరుచుకుని చూస్తోంది.

"దీదీ, నీ కూతురి పేరు?"

"పెంటమ్మ."

"అరే, అది ఇంట్లో పిలిచేది. అస్లీ నామ్ బోలో."

"అదే భయ్యా పేరు."

"నాతో ఆటలొద్దు దీదీ. హోటలువాళ్లకి అసలు పేరే కావాలి. నీళ్ల దగ్గర వ్యవహారం. రేపు ఏదన్నా అయితే జవాబు ఎవరిది? పేరు లేకపోతే ఎంట్రీ లేదు, బస్."

దేవకుమార్‌కి ఏం తెలుసు? వాళ్లిళ్లల్లో పేరు దాచే ఆనవాయితీ లేదు. గవరమ్మకి ముందు రెండు కాన్పుల పిల్లలూ నిలవలేదు. అందుకని ఈ పిల్ల పుట్టగానే అత్త బుల్లమ్మ చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటామె ఎత్తుకొస్తే తవుడు పోసి కొనుక్కున్నారు. ఎవరికీ అక్కర్లేని గుంట కదా అని మృత్యువు మొహం తిప్పుకు పోవాలట. అసలు పేరు అత్త కోడలి చెవిలో ఊదింది. అది ఇంటాయన దానయ్యకీ తెలీదు, పిల్లకీ తెలీదు. ఐదో ఏడు నిండేదాకా పెదవి దాటనివ్వద్దని ఒట్టు వేయించుకున్నాకే బుల్లమ్మ కన్నుమూసింది. ఐదో ఏడు నిండటానికి ఇంకెంతో లేదు.

"అమ్మా," అని కొంగు లాగింది పిల్ల. "అందర్నీ పిలిచారు. నాకు పేరు లేదా?"

పిల్ల కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"సెప్పీమ్మా," అంది పెద్దావిడ బెంచీ మీంచి, చాలా మెల్లగా. "గుంట ఏడుస్తాంది."

ఎవరు వింటారు ఈ గోలలో? విన్నా అందరూ హిందీవాళ్లేగా. రేపు బడిలో వేస్తే అడగరా, అప్పుడైనా చెప్పొద్దా? గవరమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని దేవకుమార్ చెవి దగ్గర ఆ ఒక్క మాటా అంది.

"ఇంత మంచి పేరు పెట్టుకుని దాచావా దీదీ!" అని నవ్వి అతను మైకు నొక్కాడు.

"నూకరత్నం! గవరమ్మ కూతురు నూకరత్నం గేటు దగ్గరికి రావాలి!"

ఆ పేరు జారుడుబల్లల మీదుగా, గోడ మీదుగా సముద్రం దాకా పోయింది. గోడవతల పిల్లల నవ్వులు టక్కున ఆగిపోయాయి.

పెంటమ్మ ఎన్నడూ వినని పేరది. తల్లి కొంగు పట్టుకుని, ఎవరొస్తారా అని చూస్తూ నిలబడింది.

బెంచీ మీద పెద్దావిడ లేచింది.